బానెట్ ఎత్తనివ్వని ఫోన్లు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే మేము ఇంతకుముందు చదువు గురించో, క్రమశిక్షణ గురించో రాసి ఇచ్చేవాళ్ళం. ఈసారి మా మనసులో ఉన్న విషయం వేరు. మొన్న హాస్టలుకు వచ్చి స్టడీ అవర్ అయ్యాక అందరం వరండాలో కూర్చున్నప్పుడు ఒక తమ్ముడు తన ట్రంకు పెట్టెలోంచి పాత ఫోనొకటి తీసి చూపించాడు. ఇంట్లో వాళ్ళన్న వాడి వదిలేసిన ఫోను. అద్దం పగల్లేదు. బ్యాటరీ ఉబ్బలేదు. చార్జింగు ఎక్కుతోంది, సిగ్నల్ వస్తోంది. కానీ అందులో వాట్సాప్ ఎక్కదు, స్కాలర్‌షిప్పు వివరాలు చూసుకుందామంటే సైటు తెరుచుకోదు. "ఫోను బాగానే ఉందన్నా, పనే చెయ్యదు" అన్నాడు. అందరం నవ్వాం. తర్వాత గదికి వెళ్ళి పడుకున్నా ఆ మాట మమ్మల్ని వదల్లేదు. బాగానే ఉన్న వస్తువు పనిచెయ్యకపోవడమేమిటి? ఎవరు ఆపారు దాన్ని?

బెజవాడలో నాలుగేళ్ళు ఉన్న ఎవరికైనా ఈ ప్రశ్న ఇంకా వింతగా ఉండాలి. మన ఊళ్ళో ఆటోనగర్ ఉంది. అక్కడికి పదేళ్ళ లారీ వస్తుంది, ఇరవయ్యేళ్ళ లారీ వస్తుంది. కంపెనీ ఆ మోడల్ తయారుచెయ్యడం ఎప్పుడో మానేసి ఉంటుంది. అయినా మేస్త్రీ బానెట్ ఎత్తుతాడు, చెవి దగ్గర పెట్టి వింటాడు, దొరకని భాగాన్ని లేతు మిషను మీద తిప్పించుకుంటాడు, కమాన్ పట్టీలు మారుస్తాడు. మా హాస్టల్లో చదివిన పిల్లల నాన్నల్లో అక్కడ వెల్డింగు చేసినవాళ్ళున్నారు, పెయింటింగు చేసినవాళ్ళున్నారు. వాళ్ళలో ఎవరూ ఇంజనీరింగు చదవలేదు. లారీ కంపెనీ వాళ్ళకు పాస్‌వర్డూ ఇవ్వలేదు, అనుమతి పత్రమూ ఇవ్వలేదు. బండి కొన్నవాడు బానెట్ ఎత్తనిస్తే చాలు. అందుకే ఆ లారీలు కృష్ణా డెల్టా ధాన్యాన్ని ఇన్నేళ్ళుగా మోస్తున్నాయి.

ఫోనుకు ఆ వీలు లేదు. బానెట్ వెల్డింగు చేసి పంపిన లారీ అది. బీసెంట్ రోడ్డులోనో గవర్నరుపేటలోనో రిపేరు షాపు అబ్బాయికి ఇస్తే డిస్‌ప్లే మార్చగలడు, చార్జింగు పిన్ను మార్చగలడు, బ్యాటరీ మార్చగలడు. చేతిపనిలో ఆటోనగర్ మేస్త్రీకి ఏమాత్రం తీసిపోడు. అతని చెయ్యి ఆగిపోయేది సాఫ్ట్‌వేర్ దగ్గర. "పాత వెర్షనండీ, కొత్తది రాదు, ఫోను మార్చెయ్యండి" అంటాడు. తప్పు అతనిది కాదు.

ఇందులో ఏం జరుగుతోందో కొంచెం విడమరిచి చెబుతాం. ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ అని కంప్యూటర్ పుస్తకాల్లో చదువుకుంటున్నాం. అది నిజమే. గూగుల్ 2007 నవంబరులో ఆండ్రాయిడ్‌ను ప్రకటించింది, 2008లో మొదటి ఫోను వచ్చింది. అడుగున ఉన్నది లినక్స్ కెర్నెల్, అంటే యంత్రానికీ మిగతా సాఫ్ట్‌వేర్‌కీ మధ్య నిలబడే భాగం. దాని లైసెన్సు ప్రకారం ఆ కెర్నెల్‌తో వస్తువు అమ్మినవాడు, కొన్నవాడు అడిగితే సోర్సు కోడు ఇచ్చి తీరాలి. దానిపైన ఉండే ఆండ్రాయిడ్ కోడు కూడా ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ కెమెరా, వైఫై, గ్రాఫిక్స్, సిమ్ సిగ్నల్, వీటిని నడిపే డ్రైవర్లలో చాలావాటిని చిప్ కంపెనీలు మూత బిగించిన ఫైళ్ళుగానే ఇస్తాయి. లోపల ఏముందో కనిపించదు, మార్చలేం. ఆ ఫైళ్ళు ఫలానా కెర్నెల్ వెర్షన్‌కే అతుకుతాయి. చిప్ కంపెనీ రెండు మూడేళ్ళకు ఆ చిప్‌ను పట్టించుకోవడం మానేస్తే ఫోను కంపెనీ కూడా చేతులెత్తేస్తుంది. ఇక ఫోను మొదలయ్యేటప్పుడు అన్నిటికంటే ముందు లేచే చిన్న ప్రోగ్రాము ఉంటుంది, బూట్‌లోడర్ అంటారు. దానికి తాళం వేసి ఉంటుంది. కంపెనీ ముద్ర లేని సాఫ్ట్‌వేర్‌ను అది లోపలికి రానివ్వదు. దొంగతనాల నుంచి, దొంగ సాఫ్ట్‌వేర్ నుంచి కాపాడటానికి ఆ తాళం కొంతవరకు అవసరమేనని మేమూ ఒప్పుకుంటాం. అయితే మన ఇంటికి తాళం మంచిదే గాని, తాళంచెవి మాత్రం ఎప్పటికీ మేస్త్రీ దగ్గరే ఉంటానంటే ఎలా?

ఆ తమ్ముడి ఫోనుకు జరిగింది ఇదే. 2023 అక్టోబరు 24 నుంచి ఆండ్రాయిడ్ 5 కంటే పాత వెర్షన్లలో వాట్సాప్ ఆగిపోయింది. సైట్లు తెరుచుకోకపోవడానికి ఇంకో కారణం ఉంది. సురక్షితమైన సైటు తెరవాలంటే ఫోను ముందుగా ఆ సైటు సర్టిఫికెట్ చూస్తుంది, తన దగ్గరున్న జాబితాతో పోల్చుకుంటుంది. ప్రపంచంలో ఎన్నో సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ పేరు ఆండ్రాయిడ్ 7.1కి ముందు వచ్చిన ఫోన్ల జాబితాలో లేదు. ఆ ఫోన్ల కోసం కొన్నేళ్ళు ఒక తాత్కాలిక ఏర్పాటు నడిపారు. అది 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. జాబితాలో ఒక్క పేరు చేర్చితే సరిపోయే పని. చేర్చే ఉద్దేశం అమ్మినవాడికి లేదు.

ఆ నెల మనకు బాగా గుర్తు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్, వాంబే కాలనీ, రాజరాజేశ్వరీపేట మునిగాయి. మన పాత విద్యార్థుల ఇళ్ళు కూడా కొన్ని అందులో ఉన్నాయి. నీళ్ళలో నానిపోయిన ఫోన్లను బియ్యం డబ్బాల్లో పెట్టి ఎదురుచూసినవాళ్ళను చూశాం. లాభం లేక అటక మీద ఉన్న పాత ఫోన్లను దించి సిమ్ వేసుకున్నారు. మాట్లాడటానికి పనికొచ్చాయి. అంతకు మించి పనికిరాలేదు. ఏ వీధికి పడవ వస్తోంది, ఎక్కడ భోజనం ప్యాకెట్లు ఇస్తున్నారు అన్న కబురంతా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటే, చేతిలో ఫోనుండీ ఆ కబురు అందని ఇళ్ళు ఉన్నాయి. పాత ఫోను అంటే తీరికున్నవాళ్ళ సరదా అనుకునేవాళ్ళు ఆ వారం రోజుల్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి.

పక్కమాటగా ఇంకొకటి. మాలో పెద్దవాళ్ళకు తెలుసు, మొదట్లో వచ్చిన ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు కనిపించేది కాదు, వరసగా డబ్బాలు కనిపించేవి. ఒపేరా మినీలో ఏదో సెట్టింగు మార్చి, అక్షరాలను బొమ్మలుగా తెప్పించుకుని చదివేవాళ్ళం. ఇంకొందరు ఫోను తాళం తీసి లోపల తెలుగు ఫాంటు పెట్టుకునేవాళ్ళు. 2012లో ఆండ్రాయిడ్ 4.1తో తెలుగు అక్షరం కనిపించింది, 2014లో 5.0తో మెనూలు కూడా తెలుగులోకి వచ్చాయి. కంపెనీ ఇచ్చేదాకా ఆగకుండా తెలుగువాళ్ళు తమ ఫోన్లలో తామే తెలుగు పెట్టుకున్నారంటే, అది తాళం తీసుకోగలిగినందువల్లే.

కంపెనీ వదిలేసిన ఫోన్లను బతికించే పని ప్రపంచంలో చాలామంది స్వచ్ఛందంగా చేస్తున్నారు. 2009లో స్టీవ్ కొండిక్ అనే అమెరికా ప్రోగ్రామరు మొదలుపెట్టిన సయనోజెన్‌మాడ్ అందులో బాగా పేరు పొందింది. తర్వాత దాని పేరుతో కంపెనీ పెట్టారు, 2016 డిసెంబరులో ఆ కంపెనీ చేతులెత్తేసింది. కోడు మాత్రం అందరిదీ కాబట్టి, అదే నెలలో పనిచేసేవాళ్ళంతా లీనియేజ్ ఓ.ఎస్. అన్న పేరుతో కొనసాగించారు. 2017లో మొదలైన పోస్ట్‌మార్కెట్ ఓ.ఎస్. వాళ్ళయితే ఫోనుకు పదేళ్ళ ఆయుష్షు ఉండాలన్న లక్ష్యంతో ఆండ్రాయిడ్‌ను పక్కనపెట్టి నేరుగా లినక్స్‌నే ఫోన్లలోకి ఎక్కిస్తున్నారు. మనకు బాగా తెలిసిన ఉదాహరణ రెడ్‌మీ నోట్ 4. 2017 జనవరిలో మన దేశంలోకి వచ్చింది, లక్షల్లో అమ్ముడుపోయింది. కంపెనీ ఆండ్రాయిడ్ 7 దగ్గర ఆపేసింది. స్వచ్ఛంద కార్యకర్తలు దాన్ని ఆండ్రాయిడ్ 11 దాకా, ఆ పైకి కూడా నడిపించారు. ఎందుకు వీలయింది? కంపెనీ కెర్నెల్ సోర్సు బయటపెట్టింది, అడిగినవాళ్ళకు బూట్‌లోడర్ తాళం తీసుకోనిచ్చింది, అదే ఫోను చాలామంది దగ్గర ఉంది. అదే ధరలో అదే ఏడాది వచ్చిన ఎన్నో ఫోన్లకు సోర్సే బయటికి రాలేదు. వాటికి ఎంతటి మేధావి కూడా ఏమీ చెయ్యలేడు.

ఇక మా సొంత అనుభవం. మేము ఐదుగురం, ఇద్దరు పాలిటెక్నిక్, ఒకరు ఐటీఐ, ఇద్దరు ఇంజనీరింగు, కలిసి మా గదిలోనే ఈ పని మొదలుపెట్టాం. తెలిసినవాళ్ళ దగ్గర పాత ఫోన్లు పోగుచేశాం. తొమ్మిది వచ్చాయి. మోడళ్ళూ తొమ్మిదే! ఒక్కోదానికి ఒక్కో రకం చిప్పు, ఒక్కో రకం ఫైళ్ళు, తాళం తీసే పద్ధతి ఒక్కోటి. రాత్రంతా ఫోను డేటాతో డౌన్‌లోడ్ చేసిన ఫైలు తీరా చూస్తే పక్క మోడల్‌ది. ఒక ఫోనుకు ఆ పొరపాటే చేశాం. మళ్ళీ వెలగలేదు. అది మా స్నేహితుడి అమ్మ ఫోను. అందులో ఆయన నాన్న ఫోటోలున్నాయి. ముందే కాపీ చేసిపెట్టుకున్నాం కాబట్టి ఆమె ముందు తలెత్తుకోగలిగాం గాని, లేకపోతే ఈ వ్యాసం రాసే ముఖం మాకు ఉండేది కాదు. మిగతా ఎనిమిదిలో మూడు లేచాయి. వాటిలో ఒకదానికి కెమెరా రాలేదు, ఇంకొకదానిలో ఫోను మాట్లాడుతుంటే అవతలివాళ్ళకు వినబడేది కాదు. అంటే నిజంగా బాగుపడింది ఒక్కటే.

సిగ్గుపడుతూనే చెబుతున్నాం, ఎందుకంటే మాకు దొరికిన పాఠం అందులోనే ఉంది. చేతులు తక్కువ, డబ్బు తక్కువ, ఇంటర్నెట్ తక్కువ ఉన్నవాళ్ళు తొమ్మిది మోడళ్ళ జోలికి వెళ్ళకూడదు. ఒక్క మోడల్ పట్టుకోవాలి. దాన్ని నమిలి జీర్ణం చేసుకోవాలి. ఆ మోడల్‌లో ఏ స్క్రూ ఎక్కడుంటుందో, ఏ ఫైలు ఏ వరసలో వెయ్యాలో నోట్‌బుక్కులో రాసిపెట్టుకోవాలి. ఆటోనగర్‌లోనూ అంతే కదా, డీజిలు పంపు మేస్త్రీ గేరుబాక్సు ముట్టుకోడు. హాలండ్ దేశంలో ఫెయిర్‌ఫోన్ అనే చిన్న కంపెనీ ఉంది. పెద్ద కంపెనీలతో పోలిస్తే దాని సిబ్బంది గుప్పెడు మంది. 2015లో తెచ్చిన ఫెయిర్‌ఫోన్ 2కు చిప్ కంపెనీ మద్దతు ఆపేసిన తర్వాత కూడా తామే కష్టపడి కొత్త ఆండ్రాయిడ్‌లు అందించి 2023 మార్చి దాకా నడిపారు. లీనియేజ్ వాళ్ళ పని కూడా వాళ్ళకు సాయపడింది. ఏళ్ళ తరబడి కొత్త మోడళ్ళ వెంట పడకుండా ఉన్నదాన్ని పట్టుకున్నారు కాబట్టే సాగింది.

ఓపెన్ సోర్స్ అనగానే అన్నీ తీరిపోతాయని మేము అనడం లేదు. 2014 ఆగస్టులో మొజిల్లా వాళ్ళ ఫైర్‌ఫాక్స్ ఓ.ఎస్.తో 1,999 రూపాయలకే ఇంటెక్స్ ఫోను మన దేశంలో వచ్చింది. ర్యామ్ 128 ఎంబీ! పేదవాడి స్మార్ట్ ఫోను అన్నారు. రెండేళ్ళు తిరక్కుండానే మొజిల్లా తప్పుకుంది, కొన్నవాళ్ళు మిగిలిపోయారు. ఆ కోడు మాత్రం చావలేదు, కాయ్ ఓ.ఎస్.గా మారి 2017లో జియో ఫోనులో తేలింది. కోడు బతికింది, ఫోను కొన్న కూలివాడు బతకలేదు అన్నట్టయింది. అంతకుముందు 2011 అక్టోబరు 5న ఢిల్లీలో విడుదలైన ఆకాశ్ ట్యాబ్ కథ కూడా తెలిసిందే. మన హైదరాబాదులోనే అసెంబుల్ చేశారు. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 256 ఎంబీ ర్యామ్, ఆండ్రాయిడ్ 2.2. ధర తగ్గించడం మీద పెట్టిన శ్రద్ధ, కొన్న తర్వాత ఎవరు చూసుకుంటారన్నదాని మీద పెట్టలేదు. ఐఐటీ బొంబాయి వాళ్ళు ఆకాశ్ 2 మీద లినక్స్ కూడా నడిపి చూపించారు, అయితే అది ఆ క్యాంపస్ దాటి మన బడుల దాకా రాలేదు. గూగుల్ కూడా 2025 మార్చి నుంచి ఆండ్రాయిడ్ పనంతా తలుపులు వేసుకుని చేసుకుంటూ, పూర్తయ్యాకే సోర్సు బయటపెడుతోంది. కోడు తెరిచి ఉన్నంత మాత్రాన సరిపోదు, దాన్ని పట్టుకునే చేతులు మన ఊళ్ళో ఉండాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. 2022 డిసెంబరు 21న మన డెల్టాలోనే, బాపట్ల జిల్లా యడ్లపల్లిలో రాష్ట్ర ప్రభుత్వం ట్యాబుల పంపిణీ మొదలుపెట్టింది. ప్రభుత్వ బడుల్లో 8వ తరగతి పిల్లలకూ, టీచర్లకూ కలిపి 5,18,740 ట్యాబులు. ఖర్చు సుమారు 686 కోట్లు, అంటే ఒక్కోటి 13 వేల పైమాటే. మన సంక్షేమ హాస్టళ్ళలో ఉండి జిల్లా పరిషత్ హైస్కూళ్ళకు వెళ్ళే పిల్లలకూ అందాయి. పుట్టి బుద్ధెరిగాక సొంతానికంటూ ఒక తెర చేతికి వచ్చిన రోజు అది చాలామందికి. ఆ సంతోషాన్ని మేము తక్కువ చెయ్యం. అవి శామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్, 2021లో మార్కెట్లోకి వచ్చిన మోడల్. మూడేళ్ళ వారంటీ అన్నారు. లోపల బైజూస్ పాఠాలు నింపి ఇచ్చారు. 2024 జులైలో ఆ పాఠాల కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. ఆ మొదటి విడత పిల్లలు 2025 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాశారు. ఆ మూడేళ్ళ గడువు ఆ ఏడాది డిసెంబరు దాకానే.

ఇది ఏ పార్టీ మంచిదన్న చర్చ కాదు. ఏ ప్రభుత్వం వచ్చినా పిల్లలకు ఏదో ఒక యంత్రం ఇస్తూనే ఉంటుంది. ఇచ్చిన రోజు సభ ఉంటుంది, ఫోటో ఉంటుంది. నాలుగో ఏడు ఆ యంత్రం సంగతి ఎవరిదన్న కాగితం మాత్రం ఉండదు. ఆ కాగితం అడుగుదామన్నదే మా ఉద్దేశం.

ఒకసారి లెక్క చూడండి. మా గదిలో తొమ్మిది ఫోన్లకు తొమ్మిది మోడళ్ళు అని ఏడ్చాం కదా. ఇక్కడ ఐదు లక్షల ట్యాబులకు మోడల్ ఒక్కటే! ఒకే తెర, ఒకే బ్యాటరీ, ఒకే చిప్పు. ఒక చోట ఒక మరమ్మతు నేర్చుకుంటే ఇచ్ఛాపురం నుంచి హిందూపురం దాకా పనికొస్తుంది. ఒక పగిలిన ట్యాబు తెర, ఇంకో తడిసిన ట్యాబుకు సరిపోతుంది. 3 జీబీ ర్యామ్, 8.7 అంగుళాల తెర ఉన్న యంత్రం డిజిటల్ లైబ్రరీగా, డిక్షనరీగా, పాత ప్రశ్నపత్రాలు చదువుకోడానికి ఇంకో ఐదారేళ్ళు హాయిగా పనిచేస్తుంది. శామ్‌సంగ్ తన పరికరాల కెర్నెల్ సోర్సును బయటపెట్టే కంపెనీల్లో ఒకటి కూడా. ఇంతకంటే మంచి అవకాశం పేద పిల్లల చేతికి మళ్ళీ రాదు.

అందుకు ప్రభుత్వం చెయ్యాల్సింది కొత్తగా డబ్బు ఖర్చుపెట్టడం కాదు, కొనేటప్పుడు రాసే కాంట్రాక్టులో నాలుగు వాక్యాలు చేర్చడం. కంపెనీ అప్‌డేట్లు ఎన్నేళ్ళు ఇస్తుందో రాయాలి. ఆ గడువు ముగిసిన రోజున బూట్‌లోడర్ తాళంచెవి ప్రభుత్వానికి అప్పగించాలి. డ్రైవరు ఫైళ్ళు, కెర్నెల్ సోర్సు పూర్తిగా ఇవ్వాలి. పాఠాలు ఫలానా కంపెనీ యాప్‌లో మాత్రమే తెరుచుకునేవి కాకుండా ఏ యంత్రంలోనైనా ఆడే మామూలు వీడియో ఫైళ్ళుగా ఉండాలి. దీక్ష వేదిక 2017 నుంచి నడుస్తోంది, దాని వెనకున్న సన్‌బర్డ్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్. అలా చెయ్యడం మన దేశంలో సాధ్యమేనని అది రుజువు చేసింది. ఐరోపా సంఘం 2025 జూన్ 20 నుంచి అమలు చేస్తున్న నిబంధన ప్రకారం ఒక మోడల్ అమ్మకం ఆపిన తర్వాత కూడా ఐదేళ్ళు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇవ్వాలి, విడిభాగాలు ఏడేళ్ళు దొరకాలి. అక్కడ కుదిరింది ఇక్కడ కుదరదా? యడ్లపల్లి సభ జరిగిన మూడో రోజే, 2022 డిసెంబరు 24న, కేంద్ర ప్రభుత్వం మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది. ఆ రెండూ ఒకదాని ముఖం ఒకటి చూసుకోలేదు.

ఈ మాటలు మా స్నేహితుల మధ్య చర్చకు వచ్చినప్పుడు ఒకతను గట్టిగా ఎదురు తిరిగాడు. "చిన్నప్పటి నుంచి ఎవరో వాడిన పుస్తకాలు, ఎవరో వదిలేసిన చొక్కాలు. ఇప్పుడు ఫోన్లు కూడా పాతవే వాడుకోమని మన పిల్లలకు మనమే చెప్పాలా? కార్పొరేట్ కాలేజీ పిల్లాడు ఏటా కొత్తది మారుస్తుంటే మనవాడు తుక్కు బాగుచేసుకుంటూ కూర్చోవాలా?" అన్నాడు. ఆ రాత్రి మాకు వెంటనే సమాధానం దొరకలేదు. ఆ మాటలో బాధ ఉంది, నిజమూ ఉంది. పేదవాడి ఓర్పును పొగిడి, అతనికి రావాల్సింది ఎగ్గొట్టే అలవాటు ఈ దేశానికి ఉంది.

మేము చాలా ఆలోచించాం. కొత్తది అడగొద్దని మేము అనడం లేదు. కొత్తది మన హక్కు, అడిగి తీసుకోవాలి. అయితే వచ్చిన కొత్తది మూడేళ్ళకే తుక్కు కాకుండా చూసుకోవడం కూడా హక్కే. ధనవంతుడి పిల్లాడికి ఫోను ఆగిపోతే మర్నాడు ఇంకోటి వస్తుంది. మనవాడికి ఆగిపోతే ఆ ఏడాది దరఖాస్తు ఆగిపోతుంది. యంత్రం ఎక్కువకాలం బతకడం వల్ల ఎక్కువ లాభం ఎవరికో వేరే చెప్పాలా? ఇంకో సంగతి. ఇంతవరకు మన ఇళ్ళవాళ్ళు సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళుగానో, కాస్త చదివితే కంపెనీలో జీతానికి రాసేవాళ్ళుగానో మిగిలారు. లోపల ఏముందో చూసి మార్చే స్థానంలో మనవాళ్ళు తక్కువ. ఆ స్నేహితుడు పూర్తిగా ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోలేదు. అతనిది వచ్చే సంచికలో రాయమని అడుగుతున్నాం.

కేరళలో చూస్తే ఆశ కలుగుతుంది. అక్కడి ప్రభుత్వ బడుల్లో కంప్యూటర్లు ఏళ్ళుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్నాయి. కైట్ అనే ప్రభుత్వ సంస్థ మలయాళంలో తన ఓ.ఎస్. తానే తయారుచేసి బడులకు ఇస్తోంది. 2018 నుంచి లిటిల్ కైట్స్ పేరుతో పిల్లల క్లబ్బులు పెట్టి హార్డ్‌వేర్ మరమ్మతు కూడా నేర్పుతున్నారు. మన దగ్గర హైదరాబాదులో 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగులో లినక్స్ తెచ్చింది, ఇంజనీరింగు కాలేజీల్లో గ్లగ్ పేరుతో విద్యార్థి బృందాలు పెట్టింది. అంటే దారి తెలిసినవాళ్ళు మన మధ్యే ఉన్నారు. ఆ బృందాలు ఇంజనీరింగు కాలేజీ గేటు దాటి సంక్షేమ హాస్టలు వరండా దాకా రావడమే మిగిలింది.

తమ్ముళ్ళకు కొన్ని జాగ్రత్తలు. వారంటీలో ఉన్న ట్యాబు జోలికి పోవద్దు. బడి ట్యాబులో ప్రభుత్వం పెట్టిన తాళాన్ని షాపులో డబ్బిచ్చి తీయించి సినిమాలు చూసుకోవడం గురించి కాదు మేము మాట్లాడుతున్నది. అలా చేస్తే రేపు మనం అడగబోయే హక్కుకు మనమే గండి కొట్టినట్టు. బూట్‌లోడర్ తాళం తీస్తే ఫోనులో ఉన్నదంతా చెరిగిపోతుంది. ముందు ఫోటోలు, నంబర్లు కాపీ చేసుకోవాలి. తాళం తీసిన ఫోనులో కొన్ని బ్యాంకు యాప్‌లు, డబ్బు పంపే యాప్‌లు పనిచెయ్యవు, అందుకే ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోను మీద ఎప్పుడూ ప్రయోగం చెయ్యకండి. ఎవరో టెలిగ్రామ్‌లో పెట్టిన ఫైలు కళ్ళు మూసుకుని ఎక్కించకండి. ఉబ్బిన బ్యాటరీని పిన్నీసుతో గుచ్చే సాహసం అసలే వద్దు.

ఇక మేము చెయ్యగలిగింది. వార్డెను గారితో మాట్లాడాం, రెండో ఆదివారం మధ్యాహ్నం భోజనాల హాల్లో ఒక బల్ల ఇస్తామన్నారు. ప్రస్తుతానికి రెడ్‌మీ నోట్ 4 ఒక్కటే తీసుకుంటాం, వేరే మోడల్ తెస్తే మొహమాటం లేకుండా వెనక్కి పంపుతాం. ఇంట్లో మూలనపడి ఉన్నదేదైనా ఉంటే తీసుకురండి, పూర్తిగా పోయినదైనా ఫరవాలేదు, విడిభాగాలు పనికొస్తాయి. పాత విద్యార్థుల్లో ఎవరి దగ్గరైనా వాడని ల్యాప్‌టాప్ ఉంటే ఒకటి కావాలి. చార్జింగు కేబులు మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోండి, మా దగ్గరున్నది ఒక్కటే, అది కూడా పట్టుకుని నిలబడితేనే ఎక్కుతుంది.